వేగపు కెమెరాకు తగిన మెమరీ కార్డు

చెరువుగట్టున నిలిచి నలుపు తెలుపు లకుముకి పిట్ట వేటాడు తీరును చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. ఆ పిట్ట కొమ్మమీద కూర్చుండి కాచుకొనుటతో తృప్తిపడదు. నీటికి పైన, గాలిలో ఒకేచోట రెక్కలాడించుచు కొన్ని సెకనులపాటు నిలుచును. అటుపిమ్మట ముక్కు క్రిందికి పెట్టి రాయివలె నీటిలో పడును. ఆ పడుట రెప్పపాటు పని. పక్షుల ఛాయాచిత్రములు తీయువాడు పిట్ట గాలిలో నిలిచినంతనే కెమెరా మీటను నొక్కిపట్టును. కెమెరా సెకనుకు 20 బొమ్మల చొప్పున తీసికొని పోవుచుండును. అయిదారు సెకనులు గడచి, పిట్ట సరిగా క్రిందికి దూకు సమయమున, కెమెరా వేగము హఠాత్తుగా పడిపోవును. ఇంటికి వచ్చి చూచుకొనగా గాలిలో నిలిచిన పిట్ట బొమ్మలు నూరుండును. చేపతో పైకి లేచుచున్న పిట్టది ఒకటో రెండో ఉండును. ముక్కు నీటిని తాకిన బొమ్మ మాత్రము ఉండదు.

ఇందులో కెమెరా దోషము లేదు; కటకము దోషమును లేదు. కెమెరా కడుపులోనున్న తపాలాబిళ్ళంత మెమరీ కార్డు బొమ్మలను అంత త్వరగా పుచ్చుకొనలేకపోయినది. కెమెరాను కొనునప్పుడు పది అంగళ్ళు తిరిగి పదిమందిని అడిగెడివారు సైతము, కార్డు దగ్గరకు వచ్చుసరికి దాని మొగమున వ్రాసిన పెద్ద అంకెను చూచి కొనివేయుట పరిపాటి. ఆ పెద్ద అంకె మనకు కావలసిన అంకె కాదు. కావలసినది ఏది, దానిని లెక్కకట్టుట ఎట్లు, కార్డు లోపల ఏమి జరుగుటవలన ఈ రెండిటికి అంత వ్యత్యాసము వచ్చుచున్నది అను విషయములను చూతము.

అద్దము పోయిన తరువాత

మునుపటి మేలురకపు కెమెరాలలో కటకము వెనుక ఏటవాలుగా ఒక అద్దముండెడిది. కటకముగుండా వచ్చు వెలుతురును అది పైకి త్రిప్పి మన కంటికి చూపును. మీట నొక్కినప్పుడెల్ల ఆ అద్దము పైకి లేచి, వెలుతురును ఫిల్ముమీదికో సెన్సరుమీదికో పోనిచ్చి, మరల క్రిందికి దిగవలెను. ఎంత నేర్పుతో అమర్చినను ఒక అద్దపు చట్రము సెకనులో ఇన్నిసార్లు లేచి పడుటకు హద్దు ఒకటి ఉండక తప్పదు. ఆ జాతి కెమెరాలలో చివరి దశకు చెందిన కానన్ 1డి ఎక్స్ మార్క్ 3 (2020) అద్దమును ఆడించుచు సెకనుకు 16 బొమ్మలు తీయగలిగెను. అంతకుమించి పోవుట కష్టము.

అద్దములేని కెమెరాలకు ఆ అడ్డు లేదు. సెన్సరుమీద పడిన బొమ్మయే ఒక చిన్న తెరమీద కనిపించును. 2021లో వచ్చిన నికాన్ జెడ్ 9లో అద్దమే కాదు, బొమ్మ తీయుటకు ముందువెనుకల కదలు తెర కూడ లేదు. సెన్సరును విద్యుత్తుతోనే తెరచి మూయుదురు. అది పూర్తి పరిమాణము గల ముడి బొమ్మలను సెకనుకు 20 చొప్పున తీయును. 2023 నవంబరులో ప్రకటింపబడిన సోనీ ఆల్ఫా 9 మార్క్ 3 తన సెన్సరునందలి చుక్కలన్నిటిని ఒక్కసారిగా చదువగలదు. దాని వేగము సెకనుకు 120 బొమ్మలు. లోహపు చట్రము విధించిన హద్దు ఈ విధముగా తొలగిపోగా, ఆ హద్దు వచ్చి కార్డుమీద కూర్చున్నది.

తొట్టి, తూము

ఒక్క బొమ్మలో ఎంత సమాచారమున్నదో ముందు లెక్కింతము. జెడ్ 9 సెన్సరుమీద ఇంచుమించు 4 కోట్ల 57 లక్షల చుక్కలున్నవి. ఒక్కొక్క చుక్కమీద పడిన వెలుతురును 14 బిట్ల సంఖ్యగా వ్రాసికొనును. 8 బిట్లు ఒక బైటు. ఈ లెక్కన హెచ్చవేసి భాగింపగా బొమ్మకు 8 కోట్ల బైట్లు, అనగా 80 మెగాబైట్లు అగును. వివరము ఏమాత్రము పోకుండ దీనిని కుదించి వ్రాయు పద్ధతులు కలవు. కుదించిన బొమ్మ పరిమాణము దృశ్యమునుబట్టి మారుచుండును. ఒట్టి ఆకాశమైన చిన్నది, చింతచెట్టు ఆకులైన పెద్దది. లెక్క సులభమగుటకు 50 మెగాబైట్లు అనుకొందము. సెకనుకు 20 బొమ్మలు. అనగా సెకనుకు 1,000 మెగాబైట్లు సెన్సరునుండి బయలుదేరి వచ్చుచుండును.

ఇక మోటబావిని తలచుకొనుడు. ఎద్దులు మోటను లాగుచుండును. నీరు తొట్టిలో కుమ్మరింపబడును. తొట్టి అడుగునున్న తూముగుండా కాలువకు పోవును. సెన్సరు మోట వంటిది. తొట్టి కెమెరాలోనే ఉన్న ఒక వేగవంతమైన జ్ఞాపకస్థలము. దీనిని బఫరు అందురు. తూము మన కార్డు. మోట పోయునంత నీటిని తూము పోనిచ్చినచో తొట్టి ఎన్నటికి నిండదు. తూము ఇరుకైనచో నీరు నిలువగట్టుచు, కొంతసేపటికి తొట్టి అంచుదాక వచ్చును. అప్పుడు తూములోనుండి ఎంత నీరు పోయిన అంతే క్రొత్త నీరు పోయవలెను. మన లకుముకి పిట్ట దూకునప్పుడు జరిగినది ఇదియే.

బఫరు 5,000 మెగాబైట్లు పట్టునని అనుకొని మూడు కార్డులను పోల్చి చూతము. ఇవి లెక్క కొరకు తీసికొన్న అంకెలే కాని ఏ కెమెరా కొలతలును కావు. మొదటి కార్డు సెకనుకు 80 మెగాబైట్లు వ్రాయును. వచ్చునది 1,000, పోవునది 80. కావున సెకనుకు 920 మిగులును. తొట్టి సుమారు 5.4 సెకనులలో నిండును. ఈలోగా 108 బొమ్మలు వచ్చును. రెండవ కార్డు 250 వ్రాయును, మిగులునది 750, తొట్టి 6.7 సెకనులలో నిండును; 133 బొమ్మలు వచ్చును. మూడవది 800 వ్రాయును; మిగులునది 200 మాత్రమే; 25 సెకనులపాటు, 500 బొమ్మలదాక కెమెరా తన పూర్తి వేగముతో పోవును.

ఇందులో ఒక వింత కలదు. రెండవ కార్డు మొదటిదానికంటె మూడురెట్లు వేగము గలది. అయినను తొట్టి నిండుటకు పట్టు కాలము ఒక్క సెకను మాత్రమే పెరిగినది. అట్లయిన ఎక్కువ ధర పెట్టి రెండవ కార్డును కొనుట వ్యర్థమా? కాదు. తొట్టి నిండిన తరువాత ఏమి జరుగునో చూడవలెను. మొదటి కార్డుతో కెమెరా సెకనుకు ఒకటిన్నర బొమ్మకు దిగిపోవును, రెండవదానితో అయిదు బొమ్మలు వచ్చును, మూడవదానితో పదునారు. మీట వదలిన పిమ్మట నిండిన తొట్టి ఖాళీ యగుటకు మొదటి కార్డునకు నిముషము పైన పట్టును. రెండవదానికి 20 సెకనులు. మూడవదానికి 6 సెకనులు చాలును. పిట్ట మరల వచ్చి గాలిలో నిలుచుటకు నిముషము ఆగదు. కాబట్టి మధ్యరకపు కార్డు మనకు ప్రసాదించునది పొడవైన పరుగు కాదు, త్వరగా తీరు అలసట. ఆటల బొమ్మలు తీయువారికిని, పక్షుల బొమ్మలు తీయువారికిని ఈ రెండవ గుణమే ఎక్కువ అక్కరకు వచ్చునని నా అభిప్రాయము; దీనినిగూర్చి ప్రకటనలలో ఒక్క ముక్కయు కనబడదు.

తూమును పెద్దది చేయుటకు బదులు మోటను తగ్గించుటయు ఒక ఉపాయమే. నికాన్ జెడ్ 9, జెడ్ 8 కెమెరాలలో 'హై ఎఫిషియెన్సీ' అను ముడి బొమ్మల పద్ధతి కలదు. అందులో బొమ్మ పరిమాణము మామూలు కుదింపులో వచ్చుదానికి సగముకంటె తక్కువ. తక్కిన సంస్థల కెమెరాలలోను ఇట్టి పద్ధతులున్నవి. పై లెక్కలో బొమ్మను 25 మెగాబైట్లు చేసి, రెండవ కార్డునే ఉంచి చూడుడు: వచ్చునది 500, పోవునది 250, తొట్టి 20 సెకనులు ఆగును. బొమ్మ సగమైనచో పరుగు మూడింతలైనది. దీనికి పైసా ఖర్చు లేదు. నాణ్యములో కలుగు లోపమును సామాన్యముగా కన్ను పట్టలేదు. కార్డు కొనుటకు ముందు ఈ ఉపాయమును పరీక్షించి చూచుట మంచిది.

కార్డు లోపల

జపానులోని తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫూజియో మసువోకా ఫ్లాష్ జ్ఞాపకమును కనిపెట్టి 1984లో లోకమునకు వెల్లడించెను. ఈనాటి కార్డులన్నిటిలో నున్న 'నాండ్' అను రకము 1987లో వెలువడినది. ఒక్క ఊపున పెద్ద భాగమును చెరిపివేయు ఆ గుణమును చూచి, మసువోకా సహోద్యోగియైన షోజీ అరీజుమికి కెమెరా ఫ్లాషు మెరుపు జ్ఞప్తికి వచ్చి ఆ పేరు పెట్టెనని చెప్పుదురు. కెమెరానుండి పేరు పుచ్చుకొన్న వస్తువు చివరకు కెమెరాలోనే చేరినది.

ఇందులో సిలికానుమీద కోటానుకోట్ల సూక్ష్మమైన గదులుండును. ఒక్కొక్క గదిలో, నలువైపుల విద్యుద్బంధకముతో మూసిన చోట, కొన్ని ఎలక్ట్రానులను బంధించి ఉంచుదురు. విద్యుత్తు తీసివేసినను అవి తప్పించుకొని పోలేవు. అందువలననే కార్డును జేబులో వేసికొని తిరిగినను బొమ్మలు నిలిచియుండును. ఎలక్ట్రానులు ఎన్ని ఉన్నవో కొలుచుటయే చదువుట. ఇది త్వరగా జరుగును. వ్రాయుట అట్లు కాదు. ఎలక్ట్రానులను బంధకముగుండా బలవంతముగా లోపలికి నెట్టవలెను. కొంచెము నెట్టి, సరిపోయినదో లేదో కొలిచి, చాలనిచో మరికొంచెము నెట్టవలెను. కొలతపాత్రలో నూనె పోయువాడు గీతకు దగ్గర పడిన కొలది బొట్టుబొట్టుగా పోసినట్లు ఈ పని సాగును. కార్డు చదువు వేగము ఎప్పుడును వ్రాతవేగముకంటె ఎక్కువగా నుండుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము చెరుపుటలో ఉన్నది. గదులు పుటలుగాను, వందలాది పుటలు ఒక ఖండముగాను అమర్చబడియుండును. పుట పుటగా వ్రాయవచ్చును; కాని చెరుపునప్పుడు ఖండమునంతటిని చెరుపవలెను. పలకమీద ఒక్క పంక్తిని చెరుపు వీలు లేక పలకనంతటిని తుడువవలసి వచ్చినట్లు. వ్రాసిన పుటమీద తుడువకుండ మరల వ్రాయుటకు వీలులేదు. కార్డులో ఈ వ్యవహారమంతయు నడుపు ఒక చిన్న గుమాస్తా ఉండును. దానిని కంట్రోలరు అందురు. పాత బొమ్మలు అక్కడక్కడ చెరిపి, మిగిలినవి అట్లే ఉంచిన కార్డులో, ఈ గుమాస్తా ఉంచవలసిన పుటలను వేరొక ఖండమునకు ఎత్తి వ్రాసి, పాత ఖండమును తుడిచి చోటు చేసికొనవలసివచ్చును. ఈ పని మనము మీట నొక్కిపట్టిన సమయముననే తటస్థించినచో వేగము తగ్గును. బొమ్మలను కంప్యూటరులోనికి ఎత్తిన పిమ్మట కార్డును కెమెరాలోనే ఫార్మాటు చేయవలెనని చెప్పుట ఇందువలననే.

మూడవ కారణము అన్నిటికంటె ముఖ్యమైనది. గదిలో ఎలక్ట్రానులు ఉన్నవి, లేవు అని రెండు స్థితులనే గుర్తించినచో గదికి ఒక్క బిట్టు పట్టును. ఎనిమిది మట్టములను వేరుగా గుర్తింపగలిగినచో మూడు బిట్లు పట్టును. అదే గదిలో మూడురెట్ల సమాచారము దాచవచ్చును గనుక కార్డు చవుక యగును. కాని ఎనిమిది మట్టములలో సరియైనదానికి తెచ్చుటకు ఎంతో జాగ్రత్తగా నెట్టవలెను గనుక వ్రాత నెమ్మదించును. దీనికి తయారీదారులు ఒక యుక్తి పన్నిరి. గదులలో కొన్నిటిని తాత్కాలికముగా ఒక్క బిట్టు గదులుగా వాడి, వచ్చిన సమాచారమును ముందు అందులో వేగముగా వ్రాసి, తీరుబాటున దానిని మూడు బిట్ల గదులలోనికి మార్చుదురు. ఇది కార్డులోని మరియొక తొట్టి అన్నమాట. ఈ తొట్టి ఖాళీగా నున్నంతసేపు కార్డు మహావేగముతో వ్రాయును. అది నిండినంతనే అసలు రంగు బయటపడును. సెకనుకు 1,500 మెగాబైట్లు వ్రాయునని పేరొందిన కార్డు, కొన్ని పదుల గిగాబైట్లు వ్రాసిన పిమ్మట, అందులో మూడవ వంతునకో అంతకు తక్కువకో దిగుట అరుదు కాదు.

కావున కార్డునకు మూడు వేగములున్నవి. మొదటిది చదువు వేగము. ఇది పెట్టెమీద పెద్ద అక్షరములతో ఉండును. రెండవది క్షణికమైన వ్రాతవేగము. ఇది చిన్న అక్షరములతో ఉండును. మూడవది ఎడతెగక వ్రాయు వేగము. ఇది చాల పెట్టెలమీద ఉండనే ఉండదు. మన తూము ఈ మూడవది.

కార్డుమీది గుర్తులు

ఎస్.డి. కార్డును తోషిబా, మాత్సుషిత, శాన్‌డిస్క్ సంస్థలు కలిసి 1999లో ప్రకటించినవి. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల ఈ ఆకారము నేటికిని మారలేదు. లోపలి దారి మాత్రము మారినది. యు.హెచ్.ఎస్.-1 అను దారిలో సెకనుకు 104 మెగాబైట్లకు మించి పోవుటకు వీలులేదు. యు.హెచ్.ఎస్.-2 దారి 312 వరకు పోనిచ్చును. ఈ రెండిటిని గుర్తించుట కడుసులభము: కార్డును వెనుకకు త్రిప్పి చూడుడు. బంగారువన్నె రేకులు ఒకే వరుసలో ఉన్నచో మొదటిది. రెండు వరుసలున్నచో రెండవది. మొగమున రోమను అంకెలో ఒకటి, లేక రెండు అనియు వ్రాసియుండును. ఒకే వరుస గల కార్డులపైన 170, 200 అను అంకెలు కనబడుచుండును. 104 హద్దు గల దారిలో 200 ఎట్లు పోవునని సందేహము కలుగవచ్చును. ఆ వేగము ప్రమాణమునకు బయటనున్న ప్రత్యేకమైన ఏర్పాటు గల రీడరులో మాత్రమే లభించును, అదియు చదువునప్పుడు. కెమెరాలో పెట్టినంతనే అది మరల 104 లోపలనే.

ఎస్.డి. కార్డులమీద ఎడతెగని వ్రాతకు హామీ ఇచ్చు గుర్తులు కూడ కలవు. వృత్తములో 10 అంకె ఉన్నచో సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గదు. 'యు' ఆకారములో 3 అంకె ఉన్నచో 30కి తగ్గదు. వి 30, వి 60, వి 90 అనునవి తమ అర్థమును తామే చెప్పుకొనుచున్నవి. ఇవి వీడియో కొరకు ఏర్పరచిన కనీస హామీలు. బొమ్మల పరుగులో కార్డు ఇంతకంటె వేగముగానే వ్రాయవచ్చును. అయినను వెలగట్టుటకు పెట్టెమీది గొప్ప అంకెకంటె ఈ చిన్న గుర్తు నమ్మదగినది.

అంతకుమించిన వేగము కావలసినచోట సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ కార్డులు వచ్చినవి. కంప్యూటరులలోని ఘనస్థితి డిస్కులు ఏ దారిని వాడునో వీనికిని అదియే. ఎ రకము చిన్నది, ఒక్క దారి గలది. బి రకము పెద్దది, రెండు దారులు గలది. 2019 నాటి ప్రమాణమున ఎ రకమునకు సెకనుకు సుమారు 1,000, బి రకమునకు 2,000 మెగాబైట్లు సైద్ధాంతికమైన హద్దు. 2023లో వచ్చిన నాలుగవ ప్రమాణము ఈ రెండిటిని రెట్టింపు చేసినది. ఎ కార్డు బి గూటిలో పట్టదు. సోనీ ఆల్ఫా 1 వంటి కెమెరాలలో ఒకే గూటిలో ఎ రకపు కార్డునైనను ఎస్.డి. కార్డునైనను పెట్టవచ్చును, నికాన్ జెడ్ 9లో రెండు గూళ్ళును బి రకమునకే. జెడ్ 8లోను, కానన్ ఆర్ 5లోను ఒకటి బి రకమునకు, ఒకటి ఎస్.డి.కి. వీనిలో కొన్నిటిమీద వి.పి.జి. అను గుర్తుతో 200, 400 అను అంకెలుండును. ఆ వేగమునకు తగ్గకుండ ఎడతెగక వ్రాయునని దాని హామీ. ఎక్కడ ఈ గుర్తు కనిపించినను దానినే మొదట చూడవలెను.

ఇట నొక హెచ్చరిక. పాత ప్రమాణపు కెమెరాలో నాలుగవ ప్రమాణపు కార్డు పెట్టుటకు అభ్యంతరము లేదు, పనిచేయును. కాని కెమెరా దారి ఎంతయో అంతే. తగిన రీడరు ఉన్నచో కంప్యూటరులోనికి ఎత్తుట త్వరపడవచ్చును గాని, చెరువుగట్టున లాభము అంతగా లేదు.

రెండు గూళ్ళు గల కెమెరాలలో భద్రత కొరకు ప్రతి బొమ్మను రెండు కార్డులమీదను వ్రాయించువారు కలరు. పెండ్లి బొమ్మలు తీయువారికి ఇది ఎంతో అవసరము; ఆ ముహూర్తము మరల రాదు. కాని ఒకటి బి కార్డు, మరొకటి మందమైన ఎస్.డి. కార్డు అయినచో కెమెరా మందమైనదాని కొరకు ఆగుచుండును. జోడెద్దులలో నెమ్మదియైన ఎద్దు నడకయే బండి నడక. వేగము కావలసిన రోజున ముడి బొమ్మలను బి కార్డునకును, చిన్న జేపెగ్ బొమ్మలను ఎస్.డి.కిని పంపు ఏర్పాటు చేసికొనవచ్చును.

ఎవరికి ఏది

సుళ్ళూరుపేట సమీపమున నేలపట్టులో గూళ్ళమీది గూడబాతులను తీయువానికి సెకనుకు 20 బొమ్మలు అక్కరలేదు. పెద్దపక్షులు, కదలికలు నిదానము. నాలుగైదు బొమ్మల చిన్న పరుగులు తొట్టిలోనే ఇమిడిపోవును. వి 60 గుర్తు గల ఎస్.డి. కార్డు అతనికి చాలును. ఇంకను చవుకది వాడినను నష్టము కొద్దియే. కూర్చుండబెట్టి ముఖచిత్రములు తీయువారి సంగతియు అంతే. వేగపు కార్డునకు పెట్టు డబ్బును మంచి ముక్కాలిపీటకు పెట్టవచ్చును.

వీడియో తీయువారు ఒక పొరపాటు పడుచుందురు. వీడియో ప్రవాహమును మెగాబిట్లలో చెప్పుదురు. కార్డు వేగమును మెగాబైట్లలో చెప్పుదురు. 400 మెగాబిట్ల వీడియో అనగా 50 మెగాబైట్లు మాత్రమే. దానికి వి 60 సరిపోవును. ముడి వీడియో సంగతి వేరు. జెడ్ 9 తీయు 8కె ముడి వీడియో మేలిరకములో సెకనుకు 5 వేల మెగాబిట్లకు పైగా, అనగా 600 మెగాబైట్లకు పైగా సమాచారమును పంపును. బొమ్మలకు తొట్టి ఆదుకొనును; వీడియోకు ఆ ఆధారము లేదు. కార్డు ఒక్క క్షణము వెనుకబడినను చిత్రణము ఆగిపోవును.

పరిమాణమును గూర్చి: పై లెక్కన సెకనుకు 1,000 మెగాబైట్లు వచ్చుచున్నచో 128 గిగాబైట్ల కార్డు రెండు నిముషములపైన ఎనిమిది సెకనులలో నిండిపోవును. వేలు మీటమీద నుంచి తీయకుండ కూర్చుండువాడెవడును ఉండడు గాని, ఉదయమంతయు పక్షులతో గడుపువానికి 512 వరకు కావలసి రావచ్చును. మరియొక సంగతి. ఒకే పేరుగల కార్డులలో పెద్ద పరిమాణము గలది తరచుగా వేగమైనది కూడ. లోపల సిలికాను ముక్కలు ఎక్కువ యుండుటచేత గుమాస్తా పనిని ఎక్కువమందికి పంచిపెట్టగలడు. ఒక పరిమాణమునకు చెప్పిన వేగము అదే పేరుగల వేరొక పరిమాణమునకు వర్తించునని అనుకొనరాదు.

వేడిని మరువరాదు. బి రకపు కార్డులు ఎడతెగక వ్రాయునప్పుడు బాగుగా కాగును. వేడి మితిమీరినచో తమను తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. రోహిణీకార్తె ఎండలో నల్లని కెమెరాను బండరాయిమీద పెట్టి కూర్చున్నచో, శీతల ప్రయోగశాలలో కొలిచిన అంకెలు నిలువవు. నీడపట్టున ఉంచుడు, తడిగుడ్డ కప్పుట మాత్రము వలదు.

నకిలీ కార్డులు విరివిగా ఉన్నవి. పైన 512 అని వ్రాసి లోపల 32 మాత్రమే ఉంచి, కంప్యూటరు అడిగినప్పుడు 512 అని బొంకునట్లు గుమాస్తాకు నేర్పుదురు. 32 నిండిన తరువాత వ్రాసిన బొమ్మలు గాలిలో కలిసిపోవును, లేక పాతవానిని నాశనము చేయును. ఫైళ్ళ పేర్లు మాత్రము కనిపించుచునే ఉండును. అందుచేత క్రొత్త కార్డును ముఖ్యమైన పనికి తీసికొనిపోకముందే కంప్యూటరులో దానిని అంచుదాక నింపి, నింపినదానిని మరల చదివి సరిపోల్చవలెను. ఈ పని చేయు ఉచిత ప్రోగ్రాములు దొరకును. ఒక గంట పట్టవచ్చును.

కొన్న కార్డు మన కెమెరాలో నిజముగా ఎంత వేగముతో వ్రాయుచున్నదో తెలిసికొనుటకు ఉపకరణములేవియు అక్కరలేదు. కార్డును కెమెరాలో ఫార్మాటు చేసి, ముడి బొమ్మలను, పూర్తి వేగమును ఏర్పరచి, తెర వేగము సెకనులో వెయ్యవ వంతుండునట్లు పెట్టి, ఆకులు దట్టముగానున్న చెట్టుకు గురిపెట్టుడు. మీటను నొక్కిపట్టి గడియారము చూచుచుండుడు. కొంతసేపటికి వేగము పడిపోవును. పడిపోయిన తరువాత ఇంకొక 20 సెకనులు ఆగకుండ నొక్కియే ఉంచి వదలుడు. కెమెరామీది చిన్న దీపము వెలుగుచున్నంతసేపు కార్డు వ్రాయుచునే ఉన్నదన్నమాట. అప్పుడు కార్డును లాగుట గాని బ్యాటరీ తీయుట గాని చేయరాదు. దీపము ఆరుటకు ఎన్ని సెకనులు పట్టెనో వ్రాసికొనుడు. పిమ్మట బొమ్మల కాలములను చూచి, ఆ చివరి 20 సెకనులలో ఎన్ని బొమ్మలు వచ్చెనో లెక్కించి, ఒక్కొక్క బొమ్మ పరిమాణముచేత హెచ్చవేసి, 20చేత భాగింపుడు. 120 బొమ్మలు, బొమ్మకు 50 మెగాబైట్లు అయినచో సెకనుకు 300. మీ కెమెరాలో మీ కార్డు వేగము అది. పెట్టెమీద ఏమి వ్రాసియున్నను సరియే. కార్డు ముప్పాతిక నిండియున్నప్పుడు ఈ పరీక్షను మరల చేయుడు. అంకె సగమునకు దిగినచో, ఆ కార్డును పిట్టల వేటకు కాక గూడబాతులకు ఉంచుకొనవచ్చును.